సంగీత పత్రిక ఎవరిని పిలుస్తుంది?

రైల్వే స్టేషన్‌లో పుస్తకాల దుకాణం ముందు నిలబడ్డారనుకోండి. బండి రావడానికి ఇంకా పది నిమిషాలు ఉంది. తాడుకు వేలాడదీసిన పత్రికల మీద మీ చూపు ఇటునుంచి అటు పోతుంది. అందులో కొన్నింటిని, ఒక్క వాక్యం కూడా చదవకుండానే, ఇవి నాకు కాదు అనుకుని దాటేస్తారు. ఒకదాని దగ్గర చెయ్యి ఆగుతుంది. ఆ ఆగడానికి కారణం ఏమిటి? అట్ట మీది ముఖమా, పత్రిక పేరు రాసిన అక్షరాల తీరా, కాగితం మెరుపా, మూల మీద ముద్రించిన ధరా? ఈ ప్రసంగంలో ఆ ప్రశ్నను సంగీత పత్రికలకు పరిమితం చేసి, మన ఉపఖండంలో నూరేళ్లకు పైగా అది నడిచిన దారిని పరిశీలిద్దాం.

సంగీత పత్రికకు ఒక చిక్కు ఉంది. క్రికెట్ పత్రిక ఆటను ఫోటోలో చూపించగలదు. వంటల పత్రిక వంటకాన్ని చూపించగలదు. సంగీతం మాత్రం చెవికి చెందినది. కాగితం మీదికి వచ్చేసరికి దాన్ని అక్షరంగానో, గుర్తుగానో, గాయకుడి ముఖంగానో మార్చక తప్పదు. ఏ రూపంలోకి మార్చారన్నదాన్ని బట్టే పాఠకుడు ఎవరో తేలిపోతుంది. స్వరలిపి వేస్తే పాడడం నేర్చుకునేవాడు కొంటాడు. పాట మాటలు వేస్తే కూనిరాగం తీసేవాడు కొంటాడు. ముఖం వేస్తే అభిమాని కొంటాడు. ఈ మూడింటినీ మనసులో ఉంచుకుంటే తరవాతి కథ సులభంగా అర్థమవుతుంది.

మొదట స్వరలిపి సంగతి. 1893 ప్రాంతంలో మద్రాసులో ఎ.ఎం. చిన్నస్వామి ముదలియార్ అనే ఉద్యోగి కర్ణాటక సంగీత రచనలను పాశ్చాత్య పద్ధతిలో, అంటే అయిదు గీతల స్వరలిపిలో అచ్చువేయడం మొదలుపెట్టారు. త్యాగరాజు తదితరుల కృతులు అందులో యూరప్ వాళ్ల పియానో పుస్తకాల్లోని సంగీతంలాగే కనిపిస్తాయి. ఆయన ఎవరిని దృష్టిలో పెట్టుకున్నారో పుట చూస్తేనే తెలుస్తుంది: మన సంగీతానికి శాస్త్రం ఉందని నమ్మని యూరోపియన్ పాఠకుడినీ, ఇంగ్లీషు చదువుకున్న భారతీయుడినీ. ఆ రోజుల్లో అది గౌరవానికి సంబంధించిన విషయం. కాని తంజావూరులోనో విజయనగరంలోనో గురువు దగ్గర కూర్చుని నేర్చుకునే విద్యార్థికి ఆ అయిదు గీతలు అయోమయం. పైగా స్వరం నుంచి స్వరానికి ఊగుతూ వెళ్లే గమకాన్ని ఆ గీతల మీద నిలబెట్టడం మహా కష్టం. ఆయన తలపెట్టిన పని పూర్తికాలేదు.

అదే ముదలియార్ ప్రోద్బలం, ఎట్టయపురం సంస్థానాధీశుని పోషణ కలిసి 1904లో మరో గ్రంథాన్ని తెచ్చాయి. అది సుబ్బరామ దీక్షితులు రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని. ముత్తుస్వామి దీక్షితుల 229 కృతులు స్వరలిపితో సహా ఉన్న గ్రంథం ఇది. పత్రిక కాదు, నిజమే. అయినా దీన్ని ఇక్కడ ఎందుకు తెస్తున్నానంటే, పుట అమరిక పాఠకుణ్ణి ఎలా ఎంచుకుంటుందో ఇంత స్పష్టంగా చెప్పే ఉదాహరణ మన దగ్గర మరొకటి కనబడదు. అచ్చయినది తమిళదేశంలోని ఎట్టయపురంలో. లిపి మాత్రం తెలుగు. అప్పటి సంగీత విద్వాంసులకు సాహిత్యభాషగా తెలుగు బాగా పరిచయం కాబట్టి ఆ నిర్ణయం సహజమే. కంపితానికి అలలాంటి గీత, మిగతా గమకాలకు తలా ఒక గుర్తు, స్థాయికి పైనా కిందా చుక్కలు, ఇవన్నీ అక్షరం నెత్తి మీదో కాళ్ల కిందో సరిగ్గా కూర్చోవాలి. మామూలు ప్రెస్సులో దొరికే పోత అక్షరాలతో అయ్యే పని కాదు. కంపోజిటర్ ఒక్క వరుస పేర్చడానికి ఎంత ఓపిక పట్టి ఉంటాడో ఊహించుకోండి. ఫలితం ఏమిటి? గమకం తెలిసిన విద్వాంసుడికి అది నిధి. తెలుగు లిపి రాని తమిళ విద్యార్థికి మూసిన తలుపు. మద్రాసు సంగీత అకాడమీ 1961 నుంచి తమిళ లిపిలో సంపుటాలు తేవడం మొదలుపెట్టేదాకా ఆ తలుపు అలాగే ఉంది. సంగీతం అతనిదే, పక్క ఊళ్లోనే అచ్చయింది, అయినా చదవలేడు.

బెంగాల్‌లో ఇదే సమస్యను మరో రకంగా పరిష్కరించారు. అక్కడ క్షేత్రమోహన్ గోస్వామి పద్ధతిలో స్వరాల మీద నిలువు గీతలు గీసి కాలప్రమాణం చూపేవారు. దాని పేరు దండమాత్రిక. ఠాకూర్ కుటుంబంలోని జ్యోతిరింద్రనాథ్ ప్రచారంలోకి తెచ్చిన ఆకారమాత్రిక పద్ధతి ఇంకా తెలివైనది. బెంగాలీ లిపిలో ‘ఆ’ గుణింతానికి వాడే గీతనే ఒక మాత్రకు గుర్తుగా తీసుకున్నారు. ఆ గీత ప్రతి ప్రెస్సులోనూ ఉంటుంది. కొత్త అచ్చు పోతపోయించనక్కరలేదు. మామూలు పత్రిక మధ్యలో కూడా పాట స్వరలిపిని ఒక పుటగా వేసుకోవచ్చు. రవీంద్రుని పాటలు ఇంటింటి హార్మోనియం దాకా చేరడంలో ఈ చిన్న గుణింతం గీతకు కూడా వాటా ఉందని నా అభిప్రాయం. మన తెలుగు సంగీత పుస్తకాల్లో కామా ఉంటే ఒక అక్షరకాలం, సెమీకోలన్ ఉంటే రెండు అక్షరకాలాలు అని మీలో సంగీతం నేర్చుకున్నవాళ్లకు తెలుసు. అదీ ఇలాంటి ఉపాయమే. ప్రెస్సులో ఉన్నదానితో పని జరిపించుకోవడం.

ఉత్తరాదికి వస్తే, 1901లో లాహోరులో గాంధర్వ మహావిద్యాలయం స్థాపించిన విష్ణు దిగంబర్ పలుస్కర్ సొంత ప్రెస్సు పెట్టుకుని, సంగీత్ అమృత్ ప్రవాహ్ అనే మాసపత్రిక నడిపారు. ఆయన స్వరలిపిలో గుర్తులు ఎక్కువ. వి.ఎన్. భాత్‌ఖండే పద్ధతి సరళమైనది. కోమల స్వరానికి కింద అడ్డగీత, తీవ్ర మధ్యమానికి పైన నిలువుగీత, స్థాయికి చుక్క, తాళంలో సమానికి ఇంటూ గుర్తు, ఖాళీకి సున్న. ఇంతే. 1932లో ఉత్తరప్రదేశ్‌లోని హాథ్‌రస్ అనే చిన్న ఊళ్లో ప్రారంభమైన సంగీత్ కార్యాలయం, 1935 నుంచి సంగీత్ అనే హిందీ మాసపత్రికను వెలువరించినప్పుడు ఎంచుకున్నది ఈ సరళమైన పద్ధతినే. స్థాపకుడు ప్రభులాల్ గర్గ్. హాస్యకవిగా కాకా హాథ్‌రసీ అన్న పేరుతో దేశమంతటికీ తెలిసిన మనిషి.

సంగీత్ పుటను మీరు ఎప్పుడైనా చూస్తే అందంగా ఉందని అనుకోరు. గడులు గీసినట్టు తాళ విభాగాలు, వాటి కింద స్వరాలు, ఇంకా కింద పాట అక్షరాలు. ఒక కంటితో పుటను, ఒక చేత్తో హార్మోనియం మెట్లను చూసుకునేవాడికి కావలసిన అమరిక అది. ఆ పాఠకుడు ఎవరు? బొంబాయి సభల్లో ముందు వరుసలో కూర్చునేవాడు కాదు. ఉస్తాదు దొరకని చిన్న పట్టణంలో ఉండే గుమాస్తా, బడిపంతులు, పెళ్లికి ముందు నాలుగు భజనలు నేర్చుకోవాలని ఇంట్లోవాళ్లు కోరే అమ్మాయి. తరతరాలుగా ఘరానా గడప దాటని విద్యను ఆ గడులు పోస్టులో పంపాయి. పండితులు కొందరు దీన్ని తేలికచేశారు, కాగితం చూసి సంగీతం వస్తుందా అని. రాదు, నిజమే. కాని గురువే దొరకనివాడికి కాగితమైనా దొరకడం చిన్న విషయం కాదు.

ఇక రేడియో. 1927లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ప్రసారాలతోపాటే ఇండియన్ రేడియో టైమ్స్ అనే పక్షపత్రిక వచ్చింది. 1935 డిసెంబరులో దాని పేరు ఇండియన్ లిజనర్ అయింది, 1958లో ఆకాశవాణి అయింది. కలకత్తా కేంద్రం నుంచి బెంగాలీలో బేతార్ జగత్ 1929లోనే మొదలైంది. తెలుగులో వాణి, తమిళంలో వానొలి ఈ కుటుంబానికి చెందినవే. ఇవేవీ ఇప్పుడు లేవు. వీటి అమరికను సంగీత్ పక్కన పెట్టి చూడండి. ఇక్కడ స్వరం లేదు. ఉన్నవి తేదీ, గంట, మీటర్లు, కిలోసైకిళ్లు, పాడేవారి పేరు. రైల్వే టైంటేబుల్‌కూ దీనికీ చాలా పోలిక ఉంది. అట్ట మీద విద్వాంసుల, కళాకారుల ఫోటోలు. ప్రకటనల్లో రేడియో సెట్లు. పాఠకుడు నేర్చుకునేవాడు కాదు, వినేవాడు. అందునా సెట్టు కొని లైసెన్సు రుసుము కట్టగలిగిన వినేవాడు.

ఆ పత్రిక పుటకూ జనం చెవికీ మధ్య 1950లలో పెద్ద అగాధం ఏర్పడింది. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా పాటల అభిరుచిని మెచ్చలేదు. ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు కనుమరుగైంది. ఆ పాట కోసం జనం రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పారు. అమీన్ సయానీ నిర్వహించిన బినాకా గీత్‌మాలా సిలోన్ నుంచి మొదలైంది అదే ఏడాది డిసెంబరులో. 1957 అక్టోబరు 3న వివిధ భారతి ప్రారంభమయ్యేదాకా ప్రభుత్వ పత్రిక ఒక శ్రోతను ఊహించుకుని పుటలు నింపుతూ ఉంటే, అసలు శ్రోత మరోచోట ఉన్నాడు. పాఠకుడు ఎలా ఉండాలో నిర్ణయించి పత్రిక వేస్తే ఇదే వస్తుంది. అయితే కేస్కర్‌ను పూర్తిగా తప్పుపట్టనూ లేము. సంస్థానాల పోషణ పోయిన విద్వాంసులకు ఆ రోజుల్లో రేడియోయే అన్నం పెట్టింది.

మరి సిలోన్ శ్రోత చేతిలో ఏ కాగితం ఉంది? పాటల పుస్తకం. 1932లో భక్త ప్రహ్లాద వచ్చినప్పటి నుంచి తెలుగు సినిమాకు ఎన్ని పాటలో, తరవాతి దశాబ్దాల్లో అన్ని పాటల పుస్తకాలు. సినిమా హాలు దగ్గర, విశ్రాంతి సమయంలో, కొద్ది అణాలకో పైసలకో దొరికేవి. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఒకటి రెండు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉండవచ్చు. పైన బొమ్మ ఉన్న అట్ట, లోపల నాసిరకం కాగితం, మధ్యలో ఒక పిన్ను, నటీనటుల పేర్లు, సగంలో ఆపేసి ‘మిగతా వెండితెరపై చూడండి’ అనే కథాసంగ్రహం, ఆపైన పాటలు. హిందీ చిత్రాల పుస్తకాల్లో తరచు పాటలు నాగరిలోనూ ఉర్దూలోనూ, కథ ఇంగ్లీషులోనూ ఉండేవి. ఒక్క పిన్ను కింద మూడు లిపులు! ఇరవై ముప్పై పుటల్లో ఎవరినీ బయట నిలబెట్టకూడదన్న వ్యాపార బుద్ధి అది. ఎట్టయపురం గ్రంథం చేయలేని పనిని చవక పుస్తకం ఇలా చేసింది. దీన్ని పత్రికగా ఎవరూ లెక్కవేయలేదు. గ్రంథాలయాలు దాచలేదు. కాని సంగీతం కోసం డబ్బిచ్చి కాగితం కొన్న మన జనంలో ఎక్కువమంది కొన్నది ఇదేననిపిస్తుంది.

ఈ సూత్రాన్నే బ్రిటన్‌లో ఒకరు చాలా ఆలస్యంగా పట్టుకున్నారు. అక్కడి యువకులు చదివే న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ వంటి వారపత్రికలు న్యూస్‌ప్రింట్ మీద, వేళ్లకు సిరా అంటేలా, పొడుగాటి విమర్శలతో వచ్చేవి. దానికి సంపాదకుడిగా చేసిన నిక్ లోగన్ 1978లో స్మాష్ హిట్స్ ప్రారంభించాడు. మెరిసే రంగుల కాగితం, గోడకు అంటించుకునే బొమ్మలు, ఆ వారం అందరూ పాడుతున్న పాటల పూర్తి సాహిత్యం. పదమూడేళ్ల పిల్లలు ఎగబడి కొన్నారు. మన హాలు దగ్గరి పాటల పుస్తకమే, కాస్త మంచి బట్టలు వేసుకుంది. అదే లోగన్ 1980లో ద ఫేస్ అనే మాసపత్రిక పెట్టాడు. దాని పుటలను రూపొందించిన నెవిల్ బ్రోడీ శీర్షికల కోసం కొత్త అక్షరాలనే గీశాడు. కొన్ని చదవడానికి కష్టంగా ఉండేవి. ఆ కష్టం కావాలని పెట్టిందే: ఇది తెలిసినవాళ్లకు మాత్రమే అనే గర్వాన్ని పాఠకుడికి అమ్మారు. 1981లో వచ్చిన కెరాంగ్ పేరే గిటారు మోతకు అనుకరణ. పేరులోని అక్షరాలు పగిలిన అద్దంలా ఉంటాయి. హెవీ మెటల్ వినే కుర్రాడికి ఆ పగులు చాలు. 1986లో వచ్చిన క్యూ మాత్రం ముప్పై దాటిన, చేతిలో కాస్త డబ్బున్న, కొత్తగా సీడీలు కొంటున్న శ్రోతను ఎంచుకుంది. అందుకే అందులో గోడబొమ్మల కంటే సమీక్షలు ఎక్కువ. వీటిలో స్మాష్ హిట్స్ 2006లో, క్యూ 2020లో ఆగిపోయాయి.

మళ్లీ మన దేశానికి. కలకత్తా నుంచి స్టేట్స్‌మన్ సంస్థ 1967లో జూనియర్ స్టేట్స్‌మన్ అనే వారపత్రిక తెచ్చింది. తరవాత అది జేఎస్ అయింది. సంపాదకుడు డెస్మండ్ డోయిగ్ స్వయంగా చిత్రకారుడు. పూర్తిగా సంగీత పత్రిక కాకపోయినా విదేశీ పాప్ సంగీతం దానికి ఊపిరి. విదేశీ రికార్డులు దొరకడం గగనమైన కాలం అది. వినడానికి లేనిది చూడడానికి దొరికితే, ఆ చూపులోనే సగం వినికిడి. అందుకే జేఎస్ మధ్యపుటల్లోని పెద్ద బొమ్మలు హాస్టల్ గోడలకు ఎక్కాయి. పిన్ను విప్పి బొమ్మను జాగ్రత్తగా తీయడం ఒక విద్య. పత్రిక 1977లో ఆగిపోయింది. అది పిలిచిన పాఠకుడు ఇంగ్లీషు మీడియం పిల్లవాడని చెప్పనక్కరలేదు. తెలుగు మాధ్యమంలో చదివి పాటను ప్రేమించిన అదే వయసు పిల్లవాడికి దొరికినది 1966లో మద్రాసు నుంచి మొదలైన విజయచిత్ర, 1976లో వచ్చిన సితార వంటి సినిమా పత్రికలు. వాటిలో పాట ఉంది, కాని తార ముఖం వెనక ఉంది. సంగీత దర్శకుడు లోపలి పుటల్లో ఉంటే, అట్ట మీద కథానాయిక ఉండేది.

1983 అక్టోబరులో మద్రాసులో ఎన్. పట్టాభిరామన్ ప్రారంభించిన శ్రుతి ఆ లెక్కను తలకిందులు చేసింది. వయసుమళ్లిన విద్వాంసుడి ముఖం అట్ట మీదికి వచ్చింది. ఆడంబరం లేని పుటలు, పొడుగాటి వ్యాసాలు, నిర్మొహమాటమైన విమర్శ. ఇంగ్లీషులో వేయడం వల్ల అది మైలాపూరు సభల రసికుడితోపాటు అమెరికాలో స్థిరపడి, పిల్లలకు సంగీతం, నాట్యం నేర్పిస్తున్న తెలుగు, తమిళ కుటుంబాలను కూడా పిలిచింది. అదే ఇంగ్లీషు వల్ల, కచేరీలో పక్కవాద్యం వాయించే మృదంగ విద్వాంసుడు తన గురించి రాసినది మరొకరి చేత చదివించుకోవలసి వచ్చే సందర్భం కూడా ఏర్పడుతుంది. కళాకారుడికీ పత్రిక పాఠకుడికీ మధ్య ఈ దూరం 1893 నాటి అయిదు గీతలను గుర్తుకు తెస్తుంది.

పదేళ్ల తరవాత, 1993లో, ఎవరూ ఊహించని అలహాబాదు నుంచి రాక్ స్ట్రీట్ జర్నల్ వచ్చింది. నడిపినది అమిత్ సైగల్. బొంబాయి, ఢిల్లీ కాక అలహాబాదు కావడంలోనే దాని స్వభావం ఉంది. షిల్లాంగ్‌లోనో, మరో ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీలోనో గిటారు పట్టుకున్న కుర్రాడికి తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలియడమే అప్పట్లో పెద్ద వార్త. తనలాంటి బృందం ఫోటో పత్రికలో కనిపించడం ఆ కుర్రాడికి ముద్రణ నాణ్యత కంటే ముఖ్యం. తరవాత ఆ పత్రిక భారతీయ బృందాల పాటల సంకలనాలు తెచ్చింది, గ్రేట్ ఇండియన్ రాక్ ఉత్సవాలు జరిపింది. సైగల్ 2012 జనవరిలో గోవాలో మరణించాడు. 2008లో రోలింగ్ స్టోన్ భారతీయ సంచిక వచ్చేటప్పటికి నునుపు కాగితం, అంతర్జాతీయ పేరు, ఖరీదైన వస్తువుల ప్రకటనలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆ పాఠకుణ్ణి పదిహేనేళ్లు ముందుగా వెదికి పట్టుకున్నది మాత్రం అలహాబాదు.

ఒక చిన్న పని చేసి చూడండి. ఇంట్లోనో గ్రంథాలయంలోనో దొరికిన ఏదైనా సంగీత పత్రిక తీసుకుని, వ్యాసాలు చదవకుండా ముందు ప్రకటనలు మాత్రమే చూడండి. హార్మోనియం ప్రకటన ఉంటే నేర్చుకునేవాడు. రేడియో, స్పీకర్ల ప్రకటన ఉంటే వినేవాడు. బూట్లు, మోటారు సైకిలు ఉంటే పాటను తన వేషంలో భాగం చేసుకున్న కుర్రాడు. ఆ తరవాత అట్ట దగ్గరకు రండి. ఎవరి ముఖం వేశారో, ఏ లిపిలో పేరు రాశారో చూడండి. చివరగా ధర చూసి, ఆ సంవత్సరం మీ ఊళ్లో సినిమా టికెట్టు ఎంతో పెద్దవాళ్లను అడిగి పక్కన రాసుకోండి.